ఐసు మీద కాగితాల వాన

జర్మనీ నుంచి వచ్చానని తెలిసిన దగ్గర్నుంచీ మా స్టాఫ్ రూములో అందరూ అడిగేది ఒకటే. కోటలు చూశావా? రైన్ నది చూశావా? అక్కడేదో గోడ పడగొట్టారట, ఓ ముక్కయినా తెచ్చావా? ఏమీ చూడలేదు తల్లీ. నేను చూసింది ఒక రేకుల షెడ్డు. ఆ షెడ్డులో ఒక ఐసు మైదానం. ఆ మైదానంలో మోకాళ్ళ మీద కూర్చుని, కొన్ని వందల మంది చప్పట్లు కొడుతుంటే, గరిటెలాంటి దానితో కాగితం ముక్కలు గీకాను. అందుకోసమే విమానం ఎక్కి వెళ్ళినట్టయింది.

నేను తెనాలిలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్ టీచర్ని. పేరు విమల. ఖోఖో, కబడ్డీ, టెన్నికాయిట్ నా ప్రపంచం. ఐసంటే గోళీసోడా బండి మీదా, సంతలో చేపల బుట్టల్లోనూ చూడటమే తప్ప దాని మీద మనుషులు ఆడతారని టీవీలో తప్ప ఎరగను. మా అక్క కొడుకు కిరణ్ అక్కడ ఎమ్మెస్ చదువుతూ, యూనివర్సిటీ ఐస్ హాకీ జట్టులో చేరానని ఫోన్లో చెప్పాడు. చెప్పింది అంతే. మా అక్క నోట్లో పడేసరికి వాడు జట్టుకి కెప్టెన్ అయ్యాడు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చిలో ప్రకటన చదివేసరికి జర్మనీ దేశం తరఫునే ఆడుతున్నాడు. ఈ విడ్డూరం కళ్ళారా చూద్దామని, దాచుకున్న సెలవులన్నీ ఒక్కసారే పెట్టేసి బయల్దేరాను.

మ్యూనిక్: అగ్గిపెట్టె అద్దె

మొదటి మజిలీ నా చిన్ననాటి స్నేహితురాలు మేరీ ఇల్లు. మేరీ మొగుడూ పెళ్ళాలిద్దరూ సాఫ్ట్‌వేరే. ఇల్లు మాత్రం మా స్కూలు ఆటసామాన్ల గదికి పెద్దక్క. "మీటే ఎంతో చెప్తే నీకు కళ్ళు తిరుగుతాయే, అడగమాక" అంది మేరీ. మీటే అంటే అద్దె. అడగలేదు. అయినా చెప్పింది. కళ్ళు తిరిగాయి.

వాళ్ళమ్మాయికి ఏడేళ్ళు. తెలుగులో పలకరిస్తే జర్మన్లో జవాబిచ్చింది. నేను పట్టు వదలకుండా తెలుగులోనే మాట్లాడాను, అదీ పట్టు వదల్లేదు. సాయంత్రానికి ఇద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది. నేను తీసుకెళ్ళిన జంతికల డబ్బా మధ్యలో పెట్టుకుని, ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడుకుంటూ తిన్నాం. ఏ గొడవా రాలేదు.

ఈ దేశంలో సీసా కొంటే సీసాకి వేరే డబ్బు కట్టాలి, తిరిగిస్తే తిరిగిస్తారు. మన ఊళ్ళో గోళీసోడా సీసాకి ఎప్పట్నుంచో ఉన్న పద్ధతే. అక్కడ దానికో మిషను పెట్టి, దాని ముందు సూటు వేసుకున్న పెద్దమనుషులు సంచీ నిండా ఖాళీ సీసాలతో వరసలో నిలబడతారు. మన దగ్గర అదే పని చేసేవాణ్ణి పేరు పెట్టి పిలవం కూడా. స్టేషన్లో మరుగుదొడ్డికి ఒక యూరో. ఆ డబ్బుతో మా తెనాలిలో ఇద్దరు టిఫిన్ తినచ్చు. నేను బిగబట్టుకున్నాను.

రైల్లో: టికెట్టు కొన్న కుక్క

జర్మన్ల సమయపాలన గురించి మా సోషల్ మాస్టారు పిల్లలకి పాఠం చెబుతుంటారు. ఆయన్ని ఒకసారి ఈ రైలెక్కించాలి. ఎక్కిన రైలు ఆలస్యం, అందుకోవలసిన రైలు వెళ్ళిపోయింది, తర్వాతి రైలు ఏ ప్లాట్‌ఫారమ్ మీదికొస్తుందో వాళ్ళకే తెలీదు. మనవాళ్ళయితే ఈపాటికి స్టేషన్ మాస్టరు గది ముందు సభ పెట్టేవాళ్ళు. వీళ్ళు మాత్రం చావు ఇంట్లో కూర్చున్నట్టు నోరు మెదపకుండా నిలబడ్డారు. నేనొక్కదాన్నే పైకి తిట్టుకున్నాను. తెలుగులోనే అయినా అందరికీ అర్థమైనట్టే ఉంది. ఒకాయన తలూపాడు.

ఎదురు సీట్లో ఒక ముసలావిడ, ఆవిడ కాళ్ళ దగ్గర దూడంత కుక్క. టికెట్టు తనిఖీకి వచ్చినతను ఆవిడ టికెట్టు చూశాడు, తర్వాత కుక్క టికెట్టు చూశాడు. కుక్కకీ టికెట్టే! మన రైళ్ళలో మనుషులకే సగం మందికి ఉండదు. ఆవిడకి ఇంగ్లీషు బాగానే వచ్చు. ఎక్కడికని అడిగితే ఐస్ హాకీ చూడటానికని చెప్పాను. ఆవిడ నా కాళ్ళ వంక చూసింది. నేను వేసుకున్నవి బాపట్లలో జిల్లా ఆటల పోటీలకి కొన్న కాన్వాసు బూట్లు.

"ఈ బూట్లతోనా?" అంది.

"నేను ఆడటానికి కాదమ్మా, చూడటానికి" అన్నాను.

"అయినా సరే" అంది. ఆవిడ నాలుక మీద ఏం మచ్చ ఉందో గానీ, ఆ మాట నిజమైంది.

క్లాస్తాల్: తలుపు తీసే పని

కొండల మీద మంచులో కూరుకుపోయిన చిన్న ఊరు క్లాస్తాల్-జెల్లర్‌ఫెల్డ్. ఒకప్పుడు వెండి గనులట. ఇప్పుడు గనుల్లేవు, ఎమ్మెస్ విద్యార్థులున్నారు. బస్సు దిగగానే "ఆంటీ, తెలుగా?" అని ఎవరో అడిగారు. అంత దూరం వెళ్ళి, అంత మంచులో, మొదట వినబడింది ఆ మాటే. ఒళ్ళు పులకరించిందని అబద్ధం చెప్పను. చలికి వణుకుతున్నాను, వేరేగా ఏమీ తెలియలేదు.

కిరణ్ చిక్కిపోయాడు. గోంగూర పచ్చడి సీసా చూడగానే వాడి మొహంలో రక్తం వచ్చింది. మర్నాడు నన్ను కొండకి అవతలున్న పక్క ఊరికి, ఆ ఐసు షెడ్డుకి తీసుకెళ్ళాడు. పైన రేకులు, కింద ఐసు, మూడు వైపులా చెక్క మెట్లు. మెట్లకి పైనున్న పొడుగాటి దూలం నిండా హాకీ కర్రలు వరసగా మేకులతో కొట్టి ఉన్నాయి. ఒక్కో దాని మీద ఒక్కో పేరు.

"ఏందిరా ఇవి?"

"చదువైపోయి పోయేవాళ్ళ కర్రలు పిన్నీ. పోయే ముందు ఎవడి కర్ర వాడు కొట్టి పోతాడు. కాకపోతే ఏడాదికొకసారి పక్క యూనివర్సిటీతో పెద్ద మ్యాచ్ ఉంటది. దాంట్లో ఐసు మీదికి దిగి ఆడినోడికే ఆ మర్యాద. ప్రాక్టీసులు లెక్కలోకి రావు."

"నువ్వు దిగలేదా?"

వాడు బూటు లేసులు చూసుకుంటూ చెప్పాడు. రెండు చలికాలాలుగా వాడు జట్టులో ఉన్నది నిజమే. బెంచీ మీద ఉన్నాడు. బెంచీకి ముందు ఒక తలుపుంటుంది. ఆటగాళ్ళు ఐసు మీదికి వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ ఆ తలుపు తియ్యాలి, వెయ్యాలి. నీళ్ళ సీసాలు నింపాలి. అదీ మా అక్క చెప్పిన కెప్టెన్ హోదా. మార్చిలో మ్యూనిక్‌లో ఉద్యోగంలో చేరాలి. ఈ శనివారం మ్యాచే ఆఖరుది.

"ఈసారి దిగకపోతే ఇంకంతే పిన్నీ" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, చేత్తో తన కర్రకి చుట్టిన గుడ్డపట్టీని విప్పుతూ మళ్ళీ చుడుతూనే ఉన్నాడు. చిన్నప్పుడు పరీక్ష ఫలితాలొచ్చే రోజున కూడా వీడు చొక్కా గుండీని అలాగే తిప్పేవాడు.

తర్వాత ఐసు మీద తిరిగి చూపించాడు. బాగానే పోతున్నాడు. గాలిలో తేలినట్టు వెళ్ళాడు. వెళ్ళి వెళ్ళి ధడాలున చెక్క గోడని గుద్దుకుని ఆగాడు. ఇంకోసారి వెళ్ళాడు. ఇంకోసారి గుద్దుకున్నాడు. అప్పుడు అర్థమైంది నాకు. వీడికి పరిగెత్తడం వచ్చింది, ఆగడం రాలేదు. ఏ కోచ్ మాత్రం దింపుతాడు?

అయినా డ్రిల్ టీచర్ని కదా, నా ప్రయత్నం నేను చేశాను. కోచ్ పేరు ఉవే. ఏదో ల్యాబులో పని చేస్తాడు, గడ్డం బొడ్డు దాకా ఉంటుంది. ఆత్రేయపురం పూతరేకుల డబ్బా ఆయన ముందు పెట్టాను. ఆయన ఒకటి తీసి వెలుతురుకి పట్టుకుని చూశాడు.

"మీ దేశంలో కాగితం తింటారా?"

"తిని చూడండి" అన్నాను. తిన్నాడు. గడ్డం నిండా పంచదార రాలింది. ఇంకోటి తిన్నాడు. మూడోది తీసుకుంటూ, "కిరణ్ మంచివాడు. ఇంత బాగా తలుపు తీసేవాణ్ణి నేను చూడలేదు" అన్నాడు. డబ్బా ఖాళీ అయింది గానీ మాట మాత్రం ఇవ్వలేదు. మన దగ్గర అయితే పూతరేకులు తిన్నాక ఆ మాత్రం మొహమాటం ఉంటుంది.

కత్తెర్ల పూట

కిరణ్ ఇంట్లో వంటగది అయిదుగురిది. అందులో ఒకమ్మాయి స్రవంతి, వరంగల్ పిల్ల. గొంతు పెద్దది, మనసూ పెద్దదే. ఆ ఊళ్ళో తెలుగు పిల్లల పుట్టినరోజులన్నీ ఆ అమ్మాయి చేతుల మీదే. మ్యాచ్ గురించి కిరణ్ని అడిగితే, ఆ షెడ్డులో ఒక ఆచారం ఉందన్నాడు. సొంత జట్టు మొదటి గోలు కొట్టగానే జనమంతా బొమ్మలు ఐసు మీదికి విసురుతారట. ఎలుగుబంట్లు, కుందేళ్ళు, మెత్తటి బొమ్మలు. వాటిని పోగుచేసి ఆస్పత్రిలో ఉన్న పిల్లలకి ఇస్తారు. చెప్పేసి వాడు ప్రాక్టీసుకి వెళ్ళిపోయాడు.

స్రవంతికి ఆ మాటల్లో "విసురుతారు" అన్నదొక్కటే అందింది.

"ఆంటీ, ఒక్కో బొమ్మ ఎంత గుంజుతరో ఎర్కేనా? గన్ని పైసల్ యాడికెళ్లి తేవాలె? మన దగ్గర మన పద్ధతి లేదా? మా దిక్కు ఫస్ట్ డే ఫస్ట్ షోల హీరో ఎంట్రీకి ఏం జేస్తరు?"

ఏం చేస్తారో నాకు చెప్పాలా? మా తెనాలిలో సినిమా విడుదలైన రోజున హాల్లోంచి బయటికొచ్చేవాళ్ళ జుట్టులో కాగితం ముక్కలు సాయంత్రం దాకా ఉంటాయి. జర్మన్లు చెత్తని రంగురంగుల డబ్బాల్లో వేరు చేసి పెడతారు గనక కాగితం వెతుక్కునే పని కూడా లేదు. నీలం డబ్బా బోర్లిస్తే కిరణ్ థీసిస్ చిత్తు ప్రతులు కట్టలు కట్టలుగా పడ్డాయి. శనివారం పొద్దున్న తెలుగు పిల్లలంతా ఆ వంటగదిలో చేరి, ఉప్మా తింటూ, లోహాలు ఎలా తుప్పు పడతాయో చెప్పే ఆ పరిశోధనని గోరంత ముక్కలుగా కత్తిరించారు. కత్తెర్లు చాలకపోతే నేను చేత్తో చించాను. సంచులు నిండాయి. "మస్తుగుంటది ఆంటీ!" అంది స్రవంతి. నాకూ మస్తుగానే ఉంటుందనిపించింది.

షెడ్డు లోపల

మ్యాచ్ సాయంత్రం షెడ్డు కిక్కిరిసింది. సాసేజీ పెట్టిన రొట్టె తిన్నాను. అందులో సాసేజీ మూరెడు, రొట్టె బెత్తెడు. పొట్టి చొక్కా వేసుకున్న పొడుగు మనిషిలా ఉండి అది నాకు మా స్కూలు కరస్పాండెంటు గారిని గుర్తుచేసింది. వేడి ద్రాక్షరసం కొంటే గ్లాసుకి కూడా వేరే డబ్బు. ఆ డబ్బు వదులుకుని గ్లాసు దాచుకునేవాళ్ళు ఎవరుంటారు అనుకున్నాను గానీ, నా సంచీలో ఇప్పుడొకటి ఉంది.

దీపాలన్నీ ఆర్పేశారు. చీకట్లోంచి మన జట్టు వచ్చింది, ఒక్కొక్కడి హెల్మెట్టుకీ గని కూలీల లాంతరు కట్టి. జనమంతా లేచి "గ్లుక్ ఆఫ్!" అని అరిచారు. గనిలోకి దిగేవాణ్ణి క్షేమంగా పైకి రమ్మని దీవించే మాటట. గనులు మూతబడ్డాయి, దీవెన మిగిలింది. నిజం చెప్పొద్దూ, అది బాగుంది. వెక్కిరించడానికి చాలాసేపు వెతికాను, దొరకలేదు.

తర్వాత దొరికింది. మైకులో అవతలి జట్టు ఆటగాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చదువుతుంటే, ప్రతి పేరు తర్వాతా ఇంతమంది చదువుకున్న పిల్లలు, వాళ్ళ ప్రొఫెసర్లు, ప్రొఫెసర్ల పెళ్ళాలు, ఒకే గొంతుతో "అయితే ఏంటి?" అని అరుస్తారు. జర్మన్లో "నా ఉన్ట్". ఒకడి పేరు, "అయితే ఏంటి?" ఇంకొకడి పేరు, "అయితే ఏంటి?" రైల్లో కుక్క దగ్గితే కూడా తలెత్తి చూడని జనం వీళ్ళేనా అనిపించింది. ఏడాది పొడుగునా దాచుకున్న కోపమంతా ఇక్కడ కక్కి, మళ్ళీ సోమవారం నుంచి మౌనవ్రతం కాబోలు.

ఆట మాత్రం నాకు అర్థం కాలేదు. బంతి ఉండదు, నల్లటి రబ్బరు బిళ్ళ ఉంటుంది, అది కనబడదు. గోలు పడలేదని మాత్రం తెలుస్తోంది. కిరణ్ తలుపు తీశాడు. వేశాడు. తీశాడు. ఇరవై నిమిషాల మొదటి భాగం అలా గడిచింది. మధ్యలో ఐసు మాస్టరు క్రూగర్ అనే ఆయన ట్రాక్టరు లాంటి బండి మీద వచ్చి ఐసు మీద నీళ్ళు పరిచి నున్నగా చేసి వెళ్ళాడు. నవ్వితే ఐసు కరుగుతుందేమో అన్నట్టుంది ఆయన మొహం.

వాన

రెండో భాగం మొదలైన కాసేపటికి మన డిఫెండరు ఒకడి స్కేటు బ్లేడు ఊడింది. వాడు కుంటుకుంటూ బెంచీకొచ్చాడు. ఉవే వెనక్కి తిరిగాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. కిరణ్ భుజం మీద చెయ్యి వేశాడు.

కిరణ్ తలుపుని పక్కవాడికి అప్పగించి లేచాడు. తలుపు ఉండి కూడా గోడ మీదుగా ఒక కాలు అవతలికి వేశాడు. రెండేళ్ళుగా ఆ తలుపుతో విసిగిపోయాడేమో మరి.

"ఎంట్రీ!" అని కేక పెట్టింది స్రవంతి.

ఈలలు. సంచులన్నీ ఒక్కసారే లేచాయి. దీపాల వెలుగులో కాగితాలు గిరగిరా తిరుగుతూ దిగాయి. ఏమాటకామాటే చెప్పాలి, అందంగా ఉంది. నేనూ దోసిళ్ళతో విసిరాను. రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని, ఇన్నేళ్ళ ఉద్యోగంలో పిల్లల్ని వెయ్యొద్దన్న ఈల నేనే వేశాను.

అప్పుడు ఇంకో ఈల వినబడింది. రెఫరీది. ఆట ఆగిపోయింది. షెడ్డంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో మా ఈలలు మాత్రం ఇంకాసేపు వినబడ్డాయి, తర్వాత అవీ ఆగాయి.

సినిమా హాల్లో కాగితాలు నేల మీద పడతాయి, ఆట అయ్యాక ఊడుస్తారు. తడి ఐసు మీద పడ్డ కాగితం అంటుకుపోతుంది. క్షణంలో గడ్డ కడుతుంది. దాని మీదికి స్కేటు ఎక్కితే మనిషి బోర్లాపడతాడు. ఇది మాలో ఒక్కరికీ తట్టలేదు. ఇంజనీర్లు అందరూ! అవతలి జట్టువాడు ఒకడు గ్లవ్‌కి అంటిన ముక్క తీసి, దాని మీది గ్రాఫు చూసి, తలగోక్కోవడానికి హెల్మెట్టు అడ్డొచ్చి ఊరుకున్నాడు.

క్రూగర్ మెట్లెక్కి నేరుగా మా దగ్గరికొచ్చాడు. చేతిలో బకెట్లు, గీకుడు గరిటెలు. ఇంగ్లీషులో ఒకటే మాట అన్నాడు.

"విసిరినవాళ్ళే ఎత్తాలి."

మా వాళ్ళలో పెద్దదాన్ని నేనే. కాన్వాసు బూట్లతో ఐసు మీద అడుగు పెట్టాను. రైల్లో ముసలావిడ గుర్తొచ్చింది. మొదటి అడుగుకే కూర్చున్నాను, ఇంక లేవకుండా కూర్చునే పని మొదలుపెట్టాను. వెనక స్రవంతీ, మిగతా పిల్లలూ. మేం గీకుతుంటే జనం తాళం వేసి చప్పట్లు కొట్టారు. ఎవడో "అయితే ఏంటి?" అని అరిచాడు. నాకు కోపం రావాలి. రాలేదు, ఎందుకంటే అప్పుడే బెంచీ వైపు చూశాను.

కుంటుకుంటూ వెళ్ళినవాడు కొత్త బ్లేడు వేయించుకుని తిరిగొచ్చేశాడు. మేం గీకేంత సమయంలో రెండు బ్లేడ్లు వెయ్యచ్చు. ఉవే వాడికి సైగ చేశాడు. ఐసు మీద కాలు పెట్టకుండానే కిరణ్ గోడ మీంచి వెనక్కి దిగి బెంచీ మీద కూర్చున్నాడు. మళ్ళీ తలుపు పట్టుకున్నాడు. నా వైపు చూడలేదు. రెండు చలికాలాలు ఎదురుచూసిన అవకాశాన్ని కాగితం ముక్కల్తో మేమే కప్పెట్టేశాం.

"నా వల్లనే ఆంటీ. నా నోరు పడిపోను" అని స్రవంతి బకెట్లో మొహం పెట్టి ఏడ్చింది.

"ముందు గీకవే" అన్నాను. నాకూ ఏడుపొస్తోంది మరి.

శిక్ష బెంచీ

మేం మెట్లెక్కాక మైకులో ప్రకటన. ప్రేక్షకులు మైదానంలోకి వస్తువులు విసిరినందుకు సొంత జట్టుకి రెండు నిమిషాల శిక్ష. షెడ్డంతా గొల్లుమంది. ఈ ఆటలో తప్పు చేసినవాణ్ణి పక్కన ఒక అద్దాల గదిలో కూర్చోబెడతారు. ఆ రెండు నిమిషాలూ జట్టు ఒక మనిషి తక్కువతో ఆడాలి. తప్పు జనానిదైతే? అప్పుడు కోచ్ తన జట్టులో ఎవడో ఒకణ్ణి ఆ శిక్షకి పంపాలి. కోచ్ అన్నవాడు ఎవణ్ణి పంపుతాడు? ఎవడు లేకపోయినా ఫరవాలేదో వాణ్ణి.

ఉవే కిరణ్ వైపు వేలు చూపించాడు.

అలా మా వాడు ఆ మ్యాచ్‌లో మొదటిసారి ఐసు మీద కాలు పెట్టింది జైలుకి వెళ్ళడానికి. ఐసుకి అడ్డంగా వెళ్ళి, అలవాటు ప్రకారం గోడని గుద్దుకుని ఆగి, అద్దాల గదిలో కూర్చున్నాడు. మా పక్కన ఒక జర్మన్ కుర్రాణ్ణి అడిగాను, ఇది ఆడినట్టు లెక్కేనా అని. వాడు నిజాయితీగా తల అడ్డంగా తిప్పాడు. ఈ దేశంలో అబద్ధంతో ఓదార్చేవాళ్ళు లేరు.

కానీ వాడు ఇంకో సంగతి చెప్పాడు. శిక్ష పూర్తయ్యాక ఆ గది తలుపు నేరుగా ఐసు మీదికే తెరుచుకుంటుందట. బెంచీకి చేరాలన్నా ఐసు మీదుగానే పోవాలి. ఈలోపు బిళ్ళ ఎదురైతే, ఆడాల్సిందే.

ఆ రెండు నిమిషాలూ అవతలి వాళ్ళు మన గోలు మీద పడి బాదారు. మన కెప్టెన్ యోనాస్ అనే పిల్లాడు పడుకుని, దొర్లి, ఒంటితో అడ్డుకున్నాడు. నేను ప్రార్థన చేశాను. ఏ ప్రార్థనో కూడా గుర్తులేదు, భోజనం ముందు చేసేదేమో. టైము అయిపోతుండగా యోనాస్ దొరికిన బిళ్ళని దొరికినట్టు ముందుకి కొట్టాడు. అదే క్షణాన అద్దాల గది తలుపు తెరుచుకుంది. దాన్ని వేరెవరో తీశారు. కిరణ్‌కి తలుపు ఇంకొకరు తియ్యడం ఈ రెండేళ్ళలో అదే మొదలు.

బిళ్ళ వాడి ముందు నుంచే పోతోంది. అవతలి జట్టంతా ఇటువైపే ఉండిపోయింది. కిరణ్ ముందు గోలు కాచే గోలీ తప్ప ఎవరూ లేరు.

"ఉరకరా కిరణూ!" అని స్రవంతి. నేను అరిచిందేమిటో నాకు తెలీదు.

వాడు ఉరికాడు. చెప్పాను కదా, ఉరకడం వచ్చు. దగ్గరికెళ్ళి కొట్టాడు. బలహీనంగా, వంకరగా, మా ఎనిమిదో తరగతి పిల్లలు కొట్టినట్టు కొట్టాడు. గోలీ కాలితో ఆపేశాడు. కిరణ్ ఆగలేదు. ఎలా ఆగుతాడు, రాదు కదా! గోలీ పక్కనుంచి దూసుకుపోయి గోలు వెనక గోడకి ధడాలున గుద్దుకుని, వెల్లకిలా పడ్డాడు. ఇంత పెద్ద చప్పుడు ఎక్కణ్ణుంచని గోలీ తల తిప్పి చూశాడు. గోలీ కాలికి తగిలిన బిళ్ళ ముందే పడి ఉంది. వెనకే వచ్చిన యోనాస్ దాన్ని నెమ్మదిగా లోపలికి తోశాడు.

మొదటి గోలు.

ఆ తర్వాత వాన కురిసింది. ఎలుగుబంట్లు, కుందేళ్ళు, ఏనుగులు, ఒక పెద్ద ఆకుపచ్చ మొసలి. మూడు వైపుల నుంచీ. కింద వెల్లకిలా పడి ఉన్న కిరణ్ మీద. వాడు లేవలేదు. బొమ్మల్లోంచి రెండు చేతులు మాత్రం పైకి లేచాయి. నేను తలమీది మంకీ క్యాప్ తీశాను.

"ఆంటీ, వద్దు!" అని స్రవంతి చెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడు విసరచ్చే!" అని విడిపించుకుని విసిరాను. అది కూడా బొమ్మలతో పాటు బస్తాలో పోయింది. జర్మనీలో ఏ ఆస్పత్రిలోనో ఏ పిల్లాడో తెనాలి మంకీ క్యాప్ పెట్టుకుని ఉంటాడు.

మైకులో గోలు కొట్టిన యోనాస్ పేరు చదివారు. తర్వాత అందించినవాడి పేరు. కిరణ్ పేరు.

దూలం కింద

మ్యాచ్ ఓడిపోయాం. ఒకటికి నాలుగు. ఎవరికీ పట్టలేదు. దూలానికి నిచ్చెన వేశారు. యోనాస్ మేకులు పట్టుకున్నాడు. క్రూగర్ సుత్తి ఇచ్చే ముందు కిరణ్‌తో జర్మన్లో ఏదో గట్టిగా అన్నాడు. ఈయన అడ్డుపడేలా ఉన్నాడని నేను చీర కొంగు దోపినంత పని చేశాను, వేసుకుంది ప్యాంటని గుర్తులేక.

"ఏందిరా అంటున్నాడు?"

"కాగితాలన్నీ పోలేదంట పిన్నీ. కొన్ని ఐసు లోపలికి దిగిపోయినయ్యంట. వాటిమీదే నీళ్ళు పోశాడంట. ఏప్రిల్‌లో ఐసు కరిగించేదాకా నా థీసిస్ అట్టాగే ఉంటదంట."

"అయితే?"

"అప్పుడొచ్చి తీసుకుపొమ్మంటున్నాడు. చెత్త మనదే కదా."

సుత్తి మాత్రం ఇచ్చాడు. కిరణ్ నిచ్చెనెక్కి మేకు కొట్టాడు. మొదటిది వంగింది. రెండోది దిగింది. కిందికొచ్చాక నన్ను పట్టుకుని ఏడ్చాడు. ఇంత పొడుగు మనిషి, అన్ని దిండ్లు కట్టుకుని, చెమటకంపు కొడుతూ. "నీ ఈల వినబడింది పిన్నీ" అన్నాడు. తిట్టాడో మెచ్చుకున్నాడో అడగలేదు. నేనూ ఏడుస్తున్నాను కదా.

మళ్ళీ తెనాలి

నిన్న కిరణ్ ఫోటో ఒకటి పంపాడు. ఐసు కరిగించారట, మ్యూనిక్ నుంచి మాట ప్రకారం వెళ్ళి తన చెత్త తను ఎత్తి వచ్చాడట. ఫోటోలో దూలం మీద వాడి కర్ర ఉంది. దానికి కిందుగా గేటు పక్కన కొత్త బోర్డొకటి కనబడుతోంది. మా అక్క ఫోనుని మొహానికి ఆనించుకుని చూసింది.

"అయితే గోలు మనోడే కొట్టాడా?"

"కొట్టలేదు. తలుపు తీశాడు. జైలుకి పోయాడు. బయటికొచ్చాడు, పడ్డాడు."

"మరి కర్ర అంత పైన ఎందుకు పెట్టారే?"

"దిగాడు గనక."

వచ్చే ఆదివారం చర్చిలో ఇది ఏ రూపంలో చదువుతారో దేవుడికే తెలియాలి. అక్క ఫోటోలోని బోర్డు మీద వేలు పెట్టింది. దాని మీద సీసా బొమ్మకి అడ్డగీత, టపాకాయ బొమ్మకి అడ్డగీత, కొత్తగా, ఇంకా రంగు ఆరనట్టున్న కాగితం ముక్కల బొమ్మకి ఇంకా లావు అడ్డగీత.

"ఇదేందే?"

"అది మా కర్ర" అన్నాను. "పేరు మాత్రం రాయలేదు. మర్యాద తెలిసినవాళ్ళు."